బెజవాడ గానసభలును శ్రోతల రాకపోకలును

సంగీతచరిత్ర వ్రాయువారు గాయకుల గురుపరంపరను, వారు పాడిన కృతులను, పొందిన సత్కారములను సవిస్తరముగఁ జెప్పుదురు. శ్రోత యే దారిని వచ్చెనో, మంగళము ముగిసిన పిదప నెట్లు గృహము చేరెనో చెప్పువారరుదు. బెజవాడ విషయమున నిది యుపేక్షింపఁదగినది కాదు. పడమట నింద్రకీలాద్రి, దక్షిణమునఁ గృష్ణ, ఊరిలోనుండి పాఱునవి ఏలూరు, రైవిసు, బందరు కాలువలు. పెక్కు దారులకుఁ గాలువవంతెనలే ద్వారములు. జనము చిక్కుపడునదియు నచ్చటనే.

1855లో ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నిచ్చెను. పడవకు వడి తక్కువ. బందరునుండి వచ్చినవాఁడు ఆ రాత్రియే మరలిపోఁజాలఁడు. కావున రాత్రియంతయు సాగు భాగవతుల ప్రదర్శనములు ప్రయాణమునకు విరుద్ధములు గాకుండెను. తెల్లవాఱినఁగాని బండి కట్టనివానికి తెల్లవాఱుదాఁక ఆట యుండుట మేలే గదా!

రైలు వచ్చి యీ మర్యాదను మార్చెను. 1889లో సికిందరాబాదు దారియు, 1899లో చెన్నపట్టణపు దారియు నిచ్చటఁ గలిసెను. నడుమ 1893లోఁ గృష్ణపై రైలువంతెన యేర్పడెను. అంతట వందలకొలఁది జనము ఒక్క గడియలో నొక్కచోట దిగుట తటస్థించెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదులయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమగుటకు నీ రైలుకూడలియు నొక ముఖ్యకారణమని నా యభిప్రాయము. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు శిష్యులకు సంగీతము గఱపినదియు నీ యూరనే. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రము వెలయఁగా గానమే శ్రోత యింటికిఁ బోయెను. అయినను సభలకు జనము తగ్గలేదు. 1957లోఁ బ్రకాశం బ్యారేజి గుంటూరువైపు బస్సులకు దారి యిచ్చెను. 1990లో పండిత నెహ్రూ బస్సుస్టాండు తెఱవఁబడెను.

ఇచట వ్యాకరణపు మాట యొకటి చెప్పుట యప్రస్తుతము గాదు. పాణిని యపాదానమును నిర్వచించుచు, విశ్లేషమున నేది ధ్రువమో దానినే గ్రహించెను. సభకు వచ్చువారి ధ్రువములు వేఱువేఱు: ఒకఁడు గుడివాడనుండి, ఒకఁడు తెనాలినుండి, ఒకఁడు సాయంకాలముననే, ఒకఁడు రెండవ కీర్తన వేళకు. పోవునపుడో, అందఱికి ధ్రువ మొక్కటే, కాలము నొక్కటే. రాకకుఁ జాలిన బస్సులు పోకకుఁ జాలకుండుటకు హేతు విదియే.

ధ్రువమును విభజింపకున్న నేమగునో 2015 జూలై 14న రాజమహేంద్రవరమునఁ గనఁబడెను. గోదావరీపుష్కరముల తొలినాఁడు ఒక్క ఘట్టమున జనము క్రిక్కిరిసి త్రొక్కిసలాటలోఁ బాతికకు మించిన ప్రాణములు పోయెను. మఱుసటి యేఁడు ఆగస్టు 12 మొదలు 23 వఱకు జరిగిన కృష్ణాపుష్కరములకు బెజవాడలో వేఱుమార్గము త్రొక్కిరి. ఊరి వెలుపలఁ బుష్కరనగరములు కట్టి యాత్రికుల నచ్చట నిలిపిరి. రాయనపాడువంటి చిన్న స్టేషనులను బెద్దస్టేషనునకుఁ దోడు చేసిరి. ఆ డిసెంబరుననే యింద్రాగాంధీ క్రీడాప్రాంగణమున ఆఱువేలకు మించిన నర్తకులు కూచిపూడి బృందనాట్యము చేసిరి. అందు నటకులే యొక జనసమూహము.

పుష్కరములకుఁ జూపిన యీ శ్రద్ధ గానసభలకును జూపవలదా? జర్మనీలోఁ బెక్కు నగరముల సభాప్రవేశపు చీటియే యానాఁటి ట్రామునకును రైలునకును జెల్లును. మన యాహ్వానపత్రికలలో గాయకుని పేరును, ప్రక్కవాద్యకారుల పేర్లును, ప్రారంభవేళయు నుండును. మంగళము పాడువేళ సాధారణముగ నుండదు. కడపటి బస్సు తప్పునను భయమున రసికుఁడు రాగము నడుమ లేచిపోవుట, గాయకుఁడు తన్నుఁ గించపఱచినట్లు తలఁచుట సభలందుఁ జూచుచునేయున్నాము. 2028లోఁ గృష్ణాపుష్కరములు మరలఁ రానున్నవి. ఏర్పాట్లు చేయువారు బస్సులవేళలను వ్రాయునపుడే పుష్కరకాలపు సాయంకాలసభల ముగింపువేళలను గూడ నాయకులయొద్దఁ దెలిసికొని, ఆ పట్టికలోఁ జేర్పవలెను.