పద్యానికి రాగం కట్టిన వకీలు

జాతర నాటకానికి అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు హార్మోనిస్టు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో నాటకం చూసినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. స్టేజీకి ఓ పక్కన, జనానికి సగం వీపు పెట్టి కూర్చుంటాడు. కాళ్లతో గాలి తొక్కుతాడు గనక రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. పగలంతా పత్తి చేలో పని చేసి వచ్చిన రైతు కృష్ణుడి కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకుంటాడు. పెట్టె ఆయన వెనకే నడుస్తుంది, ఒక్క అడుగు ఎడంగా. పాదం చివర ఆయన ఊపిరి పీల్చుకునే లోపల హార్మోనిస్టు ఆ రాగాన్ని అందుకుని ఖాళీ నింపేస్తాడు. పద్యం మరిచిపోతే తర్వాతి స్వరాన్ని గట్టిగా నొక్కి అందిస్తాడు. నటుడు తేరుకుంటాడు. కింద కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదు.

పద్యమంటే ఇలా రాగం తీసి పాడాల్సిందేనని, అది అనాదిగా ఉన్నదేనని మనం అనుకుంటాం. తెలుగు నాటకంలో దానికి ఒక మొదలు ఉంది. మొదలుపెట్టిన మనిషి ఉన్నాడు. ఆయన ఊరు బళ్లారి. ఆదోని నుంచి ఆలూరు మీదుగా బస్సెక్కితే ఒక పూటలో వెళ్లి రావచ్చు.

ఈ ఆలోచన నాకు కలగడానికి కారణం వేరే దేశపు పుస్తకం. హెర్బీ నికొల్స్ అనే అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడి జీవితచరిత్ర చదివాను. మార్క్ మిల్లర్ రాశారు, 2009లో వచ్చింది. నికొల్స్ 1919లో న్యూయార్క్‌లో పుట్టాడు. తనదైన స్వర కల్పన ఉన్నవాడు, కానీ పొట్టకూటికి పాతకాలపు బాణీలు వాయించాల్సి వచ్చింది. 1955, 56లలో బ్లూ నోట్ కంపెనీ ఆయన సొంత రచనల్ని రికార్డు చేసింది. జనం పట్టించుకోలేదు. బిల్లీ హాలిడే మాటలు కట్టి పాడిన ఒక పాట వల్ల బాణీ లోకమంతా తిరిగింది గానీ కట్టినవాడి పేరు తిరగలేదు. 1963లో 44 ఏళ్లకే రక్త క్యాన్సరుతో పోయాడు. మిగిలిన రాతప్రతుల్ని స్నేహితుడు రోజ్‌వెల్ రడ్ జాగ్రత్త చేసి, 2000లో పుస్తకంగా వేశాడు. ఆ జీవితచరిత్ర మూసేసరికి నా మనసు బళ్లారి మీదికి పోయింది.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టారు. బళ్లారిలో వకీలుగా స్థిరపడ్డారు. అప్పట్లో ఆదోని కూడా బళ్లారి జిల్లాలోదే, ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది. తెలుగూ కన్నడమూ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే సీమ. పల్లెల్లో బయలాటలు ఆడేవాళ్లు. పట్నాలకు ధార్వాడ నాటక కంపెనీలు, పార్సీ కంపెనీలు కొత్త తెరలు, కొత్త వరసలు పట్టుకుని వచ్చేవి. కోస్తాలో కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో తన నాటకాలు ఆడించడానికి ప్రేరణ కూడా ధార్వాడ కంపెనీయే. ఆ కంపెనీల ఆటలు చూసి ఇటు కందుకూరి, అటు ధర్మవరం చెరొక దారి పట్టారు.

ఆచార్యులవారి దారి సంగీతం. 1887లో ఆయన ‘చిత్రనళీయం’ బళ్లారిలో ప్రదర్శించారు. సరస వినోదిని సభ పేరున సమాజం నడిపారు. నాటకాలు తానే రాసి, తానే నేర్పి, తానే వేషం కట్టేవారు. మొత్తం ముప్ఫై దాకా రాశారు. అంకాలను రంగాలుగా విడగొట్టడం, పద్యాల్ని రాగయుక్తంగా పాడించడం, మధ్య మధ్య పాటలు పెట్టడం తెలుగు నాటకంలో ఆయనతోనే స్థిరపడ్డాయని నాటక చరిత్రకారులు చెబుతారు. నా అభిప్రాయం ఒకటుంది. ఆయన పాటను కొత్తగా పుట్టించలేదు. యక్షగానంలో, బయలాటలో పాట ఎప్పుడూ ఉంది. కావ్యంలో కూర్చున్న పద్యాన్ని లేపి నిలబెట్టి, దాని చేత పాడించడమే ఆయన చేసిన పెద్ద పని. చంపకమాల, ఉత్పలమాల, సీసం, కందం చదువుకున్నవాడి సొత్తుగా ఉండేవి. రాగం తగిలించేసరికి చదువు రానివాడి నోటికీ ఎక్కాయి.

‘విషాద సారంగధర’ ఇంకో సాహసం. చేతులూ కాళ్లూ నరికించుకున్న సారంగధరుణ్ణి పాత కథలో సిద్ధుడు బతికిస్తాడు. జనం ఆ ఊరటతో ఇంటికి పోతారు. ఆచార్యులవారు ఆ ఊరట ఇవ్వలేదు. కథను ఏడుపులోనే వదిలేశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్ని లెక్కిస్తారు. మంగళంతో ముగియాల్సిన నాటకానికి ఆ రోజుల్లో ఇలాంటి ముగింపు రాయడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు.

1891లో సరస వినోదిని సభ మద్రాసు వెళ్లి నాటకాలు ఆడింది. చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ మొదలియార్ ఉన్నారు. అప్పటికి ఆయన కుర్రవాడు, తమిళ నాటకమంటే చిన్నచూపు ఉన్నవాడు. వకీళ్లు, ఉద్యోగస్థులు స్వయంగా వేషాలు కట్టి ఇంత గౌరవంగా ఆడటం చూసి ఆయన మనసు మారింది. ఆ ఏడాది జూలై 1న సుగుణ విలాస సభ పెట్టారు. ఆధునిక తమిళ నాటకానికి ఆయనే ఆద్యుడయ్యారు. ఈ సంగతి తన జ్ఞాపకాల్లో ఆయనే దాచుకోకుండా చెప్పారు. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటు దొరకలేదు.

బళ్లారిలో అప్పుడు ఇంకో వకీలు కూడా నాటకాలు రాస్తున్నారు. కోలాచలం శ్రీనివాసరావు గారు. చారిత్రక నాటకం ఆయన సొత్తు. ఆయన సభ వేరు, ఆచార్యులవారి సభ వేరు. ఒక ఊళ్లో రెండు సభల పోటీ నాటకానికి మేలే చేసింది.

వీళ్ల చేతుల్లో పెరిగిన బళ్లారి రాఘవ కథ మరీ ఆసక్తికరం. ఆయనా వకీలే. ఆచార్యులవారికి మేనల్లుడు. మేనమామ కట్టిన బాణీ ఊరూరా పాకి, నటులు కథ ఆపేసి గంటల తరబడి రాగాలు తీయడం మొదలుపెట్టాక, దాన్ని గట్టిగా విమర్శించింది ఈ మేనల్లుడే. ముఖం, మాట, మౌనం నటించాలన్నారు. ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే వేయాలన్నారు. పి.వి. రాజమన్నార్ రాసిన ‘తప్పెవరిది’ లాంటి సాంఘిక నాటకాన్ని తలకెత్తుకున్నారు. ఆయన చెప్పింది నిజం. అయినా నాకు ఇద్దరూ కావాలి. పద్యం లేకపోతే మా పల్లె రైతు రంగస్థలం ఎక్కేవాడు కాదు. పద్యాన్ని అదుపులో పెట్టమని చెప్పేవాడు లేకపోతే నాటకం పాటకచేరీ అయిపోయేది.

రాగాలు ఒకరు కట్టారు, వాటిని ఊరూరికీ మోసింది మాత్రం హార్మోనియం. 1842లో పారిస్‌లో దెబేన్ పేటెంటు తీసుకున్న వాద్యం అది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో చేత్తో గాలి కొట్టే చిన్న పెట్టెగా మార్చారు. గమకం పలకదని పండితులు దాన్ని మెచ్చలేదు. 1940లో ఆకాశవాణి ఏకంగా నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సాగింది. సరిగ్గా ఆ ముప్ఫై ఏళ్లూ మా పల్లెల్లో కాళ్లతో తొక్కే హార్మోనియం పెట్టె లేకుండా ఒక్క పౌరాణిక నాటకం జరగలేదు. నెలల తరబడి రాత్రిళ్లు రిహార్సల్. చదువు రానివాడు మాస్టరు నోటి నుంచి విని, పెట్టె మీద స్వరం పట్టుకుని, వంద పద్యాలు కంఠతా పట్టేవాడు. చెవితో నేర్చుకున్న ఆ చదువు ఏ పరీక్షకూ పనికిరాలేదు, కానీ జీవితాంతం మిగిలింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని కర్నూలు జిల్లా అయ్యింది. ఆ గీత న్యాయమా కాదా అని నేనిప్పుడు తగువు పెట్టను. నాటకానికి మాత్రం అది నష్టమే చేసింది. తెలుగు నాటక పితామహుడైన ఆచార్యులవారి ఊరు పరాయి రాష్ట్రమైపోయింది. బళ్లారిలో రాఘవ పేరున కళామందిరం ఉంది. ఆ బాణీని ఇప్పటికీ బతికిస్తున్న మా పల్లెలకు ఆ ఊరితో ఉన్న బంధం మాత్రం నోటిమాటగా కూడా మిగల్లేదు. పోణంగి శ్రీరామ అప్పారావు గారి ‘తెలుగు నాటక వికాసం’, మిక్కిలినేని గారి ‘నటరత్నాలు’ లాంటి పుస్తకాలు లేకపోతే నాకూ తెలిసేది కాదు.

ఇప్పుడు కాలి పెట్టె స్థానంలో చాలాచోట్ల కీబోర్డు వచ్చింది. కాలం మారింది, తప్పుపట్టను. భయమల్లా ఒక్కటే. అచ్చయిన నాటకంలో పద్యం ఉంటుంది, మహా అయితే పైన రాగం పేరు ఉంటుంది. ఆ పద్యాన్ని ఎక్కడ ఎత్తుకోవాలో, ఏ మాట మీద విరవాలో, పాదం చివర పెట్టె ఏం పలకాలో ఏ పుస్తకంలోనూ లేదు. అది డెబ్భై ఏళ్లు దాటిన మాస్టర్ల వేళ్లలో ఉంది.

నికొల్స్ రాతల్ని కాపాడటానికి ఒక్క స్నేహితుడు చాలాడు. ఈసారి మీ ఊరి జాతరకు వెళ్లినప్పుడు ఆ మూల కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్లండి. పేరు, గురువు పేరు అడిగి రాసుకోండి. మీ సెల్‌ఫోన్ పెట్టె పక్కన పెట్టి, పది పద్యాలు నిదానంగా వాయించి పాడమని అడగండి.