సీమ చదువు, చీరాల పోరు

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో సీమకు వెళ్లి చదివివచ్చిన తెలుగువారికి పెద్ద ఉద్యోగమో, బారిస్టరు వృత్తో ఎదురుచూస్తూ ఉండేది. ఆ సుఖమైన బతుకును కాదని పన్నుల బరువు మోసే సామాన్యుల పక్షాన నిలిచినవారిలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఉన్నవ లక్ష్మీనారాయణ ముఖ్యులు. ఇద్దరి కార్యక్షేత్రమూ అప్పటి గుంటూరు జిల్లాయే.

1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన గోపాలకృష్ణయ్య స్కాట్లాండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి ఎం.ఎ. పట్టా పొందాడు. కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. అది 1917లో అచ్చయింది. స్వదేశానికి వచ్చాక రాజమండ్రిలోనూ, బందరు జాతీయ కళాశాలలోనూ పాఠాలు చెప్పాడు గానీ, ఆ కొలువుల్లో ఎక్కువకాలం నిలవలేదు. చివరికి చీరాలలో స్థిరపడ్డాడు.

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్లు. నేతపనివారు, చిన్న వ్యాపారులు ఎక్కువ. వీటిని కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేయడంతో గొడవ మొదలైంది. అంతకుముందు ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను దాదాపు 40,000కు చేరింది. మగ్గం మీద బతికే ఇంటికి ఇది మోయరాని భారం. మునిసిపాలిటీ వద్దని జనం పెట్టుకున్న అర్జీలను ప్రభుత్వం పట్టించుకోలేదు. పన్ను కట్టబోమన్నవారిని జైలుకు పంపింది.

ఈ పోరాటానికి గోపాలకృష్ణయ్య నాయకుడయ్యాడు. ఆయన కూర్చిన స్వచ్ఛందసేవకుల బృందం పేరు రామదండు. కాషాయ వస్త్రాలు, రుద్రాక్షలు, రామనామం దాని గుర్తులు. అర్థశాస్త్ర పట్టభద్రుడు ఊరివారిని కూడగట్టడానికి పరాయి దేశపు సంఘాల నమూనాను తేలేదు. రామభజనలు, పురాణ కాలక్షేపాలు ఎరిగిన జనానికి వారి మాటల్లోనే క్రమశిక్షణ నేర్పాడు. ఆయన నాయకత్వంలో మెచ్చుకోవలసిన గుణం ఇదే. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు జనసందోహాన్ని అదుపులో ఉంచింది ఈ దండే.

ఆ సమావేశం ముగిశాక గాంధీ చీరాల వచ్చాడు. అహింసతో పన్ను నిరాకరించడం ఒక దారి, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్లిపోవడం మరొక దారి అని చెప్పాడు. జనం రెండోదే ఎంచుకున్నారు. సుమారు 15,000 మంది జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లు విడిచి, హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరం అని పేరు పెట్టారు. తగవులు తామే తీర్చుకున్నారు. ఎండకు, వానకు, చలికి ఓర్చి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. పసిపిల్లలతో, ముసలివారితో పాకల్లో అన్నాళ్లు నిలబడిన కుటుంబాల ఓర్పుకు చరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

రామనగరం నిలవాలంటే డబ్బు కావాలి. విరాళాల కోసం ఊరూరా తిరుగుతున్న గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేశారు. ఏడాది శిక్షపడి ఆయన తిరుచిరాపల్లి జైలుకు వెళ్లాక రామనగరం నిలదొక్కుకోలేకపోయింది. జనం ఇళ్లకు మళ్లారు. మునిసిపాలిటీ మాత్రం రద్దు కాలేదు. ఆంధ్రరత్న అని జనం పిలుచుకున్న ఆ నాయకుడు 1928లో, నలభయ్యేళ్లు నిండకుండానే కన్నుమూశాడు.

చీరాల పోరు పన్ను చుట్టూ తిరిగింది. మాలవాడ ఆకలినీ, కూలి తగవునూ ముందుకు తెచ్చినవాడు లక్ష్మీనారాయణ. ఐర్లాండులోని డబ్లిన్‌లో బారిస్టరు చదివి వచ్చిన ఆయన, సహాయనిరాకరణ కాలంలో వృత్తి వదిలాడు. అడవిలో పశువుల మేతకు కట్టవలసిన పుల్లరిపై పల్నాడు రైతులు తిరగబడినప్పుడు వారి పక్షాన నిలిచి జైలుకు వెళ్లాడు. ఆ జైలులోనే 'మాలపల్లి' నవల రాశాడు. మాల కుటుంబాన్ని కథకు కేంద్రం చేసి, భూస్వామికీ పాలేరుకూ మధ్య ఘర్షణను చిత్రించిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి ఆయన గుంటూరులో స్త్రీల చదువు కోసం నెలకొల్పిన శారదా నికేతనం 1922 నాటిది.