సీమకు పేరు పెట్టినాయన మా కాలేజీ పంతులు

నవంబరు 18 వచ్చిందంటే జిల్లా పేజీల్లో రాయలసీమకు ఆ పేరెలా వచ్చిందో చెప్పే వ్యాసం ఒకటైనా పడుతుంది. 1928లో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగిందనీ, అక్కడే కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడిందనీ, అంతవరకు అందరూ ఒకే మాట రాస్తారు. తేడా అంతా ఆ తర్వాతి వాక్యం దగ్గర వస్తుంది. పేరు సూచించింది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారని కొందరు రాస్తారు. చిలుకూరి నారాయణరావుగారని కొందరు రాస్తారు. ఈ మధ్య ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేసి చేతులు దులుపుకునేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. అనంతపురం మనిషిగా, అందులోనూ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నవాడిగా, నేను దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేను. చిలుకూరివారు మా కాలేజీలో తెలుగు లెక్చరర్. ఆయనకు దక్కాల్సిన వాక్యాన్ని సగం చేసి పంచడం నాకు అన్యాయంగానే కనబడుతుంది.

టవర్‌క్లాక్ దగ్గర బస్సు దిగినవాడెవడికీ ఆర్ట్స్ కాలేజీ దారి చెప్పనక్కర్లేదు. ఊళ్లో ఏ ఊరేగింపు బయల్దేరినా, ఏ ఉద్యమం రేగినా అక్కడినుంచే. పాతూరువాళ్లయినా కమలానగర్ వాళ్లయినా ఇంటికొకరు ఆ వరండాల్లో తిరిగినవాళ్లే. బోర్డుమీద గవర్నమెంట్ కాలేజీ, అటానమస్ అని ఎంత రాసుకున్నా మా నోట అది ఆర్ట్స్ కాలేజీయే. అయితే 1916లో మద్రాసు సర్కారు దాన్ని తెరిచినప్పుడు పెట్టిన పేరు వేరు. సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. తెలుగులో దత్తమండల కళాశాల.

ఆ పేరును కాస్త నిలబడి చూడాలి. ఊరి పేరు పెట్టలేదు, జిల్లా పేరు పెట్టలేదు, కట్టించినవాడి పేరో గవర్నరు పేరో కూడా పెట్టలేదు. ఒక అప్పగింత ఒప్పందం పేరు పెట్టారు. 1800లో నిజాం తన దగ్గర ఉంచుకున్న కంపెనీ పటాలం ఖర్చుకింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ఈ నేలనంతా ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. అప్పుడు మన్రో దొర ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు, పాలెగాళ్లను అణిచాడు, భూములు కొలిపించి శిస్తు కట్టాడు. 1882లో బళ్లారి జిల్లానుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. కంపెనీ పోయి రాణి వచ్చింది, రాణి పోయి రాజులు వచ్చారు. నూటపదహారేళ్ల తర్వాత కాలేజీ పెడుతూ కూడా సర్కారుకు ఈ ప్రాంతం గురించి గుర్తున్నది అది తమకు ఎవరో ఇచ్చిన సొత్తు అన్న సంగతి ఒక్కటే.

నా దగ్గర ఒక పాత ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయి, కుట్టు వదులై, తోపుడుబండి మీద కిలోల లెక్కన పోతుంటే కొన్నాను. లోపలి మొదటి పేజీలో ఊదారంగు సిరాతో గుండ్రటి స్టాంపు. వలయం పై అంచున సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అని ఇంగ్లీషు అక్షరాలు, కింద అంచున అనంతపూర్. మధ్యలో నంబరు వేసుకోవడానికి వదిలిన ఖాళీలో ఎవరో నల్లసిరాతో అంకెలు వేసి, అవి కొట్టేసి మళ్లీ వేరే అంకెలు వేశారు. దాని పక్కనే, కొంచెం ఏటవాలుగా, తర్వాతి కాలపు స్టాంపు పడింది. అందులో గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ అని ఉంది. రెండో స్టాంపు అంచు మొదటిదానిలోని మొదటి మాట మీదికెక్కింది. పిల్లలకు కాలేజీ చరిత్ర చెప్పాల్సివస్తే నేను ఆ పేజీ తీసి చూపిస్తాను. శిలాఫలకాలకంటే అది నాకు నమ్మకమైన సాక్ష్యం.

ఇక మా ఊరి పెద్ద గొప్ప ఒకటుంది. ఏ టీకొట్టు దగ్గరైనా వినొచ్చు. "ఏం సామీ, ఇద్దరు రాష్ట్రపతులనిచ్చిన కాలేజీ మనది. రాధాకృష్ణన్ దగ్గరే గదా సంజీవరెడ్డి సదువుకున్యాడు!" ఈ మాటలో సగం నిజం, సగం తప్పు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మా కాలేజీలో పనిచేసిన మాట నిజం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీనుంచి 1916లో ఇక్కడికి బదిలీ మీద వచ్చారు, మరుసటి ఏడే రాజమండ్రికి వెళ్లిపోయారు, 1918లో మైసూరు. నీలం సంజీవరెడ్డి మా కాలేజీ విద్యార్థి అన్నదీ నిజమే. కానీ ఇల్లూరులో ఆయన పుట్టింది 1913లో. రాధాకృష్ణన్ పంతులు మా ఊళ్లో తత్త్వశాస్త్రం చెబుతున్ననాటికి ఈయనకు మూడేళ్లు. చదువూ పూర్తిచేయలేదు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చిపోయాక ఖద్దరు కట్టి, 1931లో కాలేజీ వదిలి ఉద్యమంలోకి దూకారు. అదే 1931లో రాధాకృష్ణన్ వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ కుర్చీలో కూర్చున్నారు. గురువూ శిష్యుడూ అన్న కథ ఎవరు మొదలుపెట్టారో గాని, తేదీలు పక్కపక్కన పెడితే నిలవదు.

ఇందులో బాధ కలిగించే విషయం వేరే ఉంది. ఒక ఏడాది ఉండి వెళ్లిన అధ్యాపకుణ్నీ, నడిమధ్యలో చదువు ఆపేసిన విద్యార్థినీ పట్టుకుని మనం కాలేజీ చరిత్ర అంటున్నాం. ఇద్దరూ మహనీయులే, మనవాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. కానీ వాళ్లు గొప్పవాళ్లయింది మన కాలేజీ ఆవరణ దాటాక. ఆ ఆవరణలోనే పాఠాలు చెబుతూ, ఆ ఊళ్లోనే కాపురముండి, తెలుగుదేశానికంతటికీ పనికొచ్చే పని చేసినాయన చిలుకూరి నారాయణరావు. ఆయన పేరు చెబితే ఇవాళ కాలేజీ గేటు దగ్గర నిలబడిన పిల్లల్లో ఎంతమంది గుర్తుపడతారు?

ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలో. గిడుగు రామమూర్తి పంతులు పక్షాన వ్యావహారిక భాషకోసం నిలబడ్డ మనిషి. సంస్కృత ప్రాకృతాలు, ద్రావిడ భాషలు, శాసనాలు, సామెతలు, దేనిమీద పడితే దానిమీద దీక్షగా పనిచేశాడు. 1937లో రెండు సంపుటాల ఆంధ్రభాషా చరిత్రము అచ్చయింది. తెలుగు ద్రావిడ కుటుంబం కాదు, ప్రాకృతంనుంచి వచ్చిందని అందులో ఆయన వాదన. ఆ వాదాన్ని తర్వాతి భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సరి కూడా. కానీ వాదం ఓడినా ఆయన పోగుచేసిన సామగ్రి ఓడలేదు. తెలుగు మాటల రూపాలు శాసనకాలంనుంచి ఎట్లా మారుతూ వచ్చాయో వెతికేవాళ్లు ఆ సంపుటాలు ఇంకా తిరగేస్తూనే ఉన్నారు. ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చింది కూడా ఈ బ్రాహ్మణ పండితుడే. మసీదులు, పీర్లచావిళ్లు, గుడులు కలిసి నడిచే మా పాతూరులో ఈ సంగతి ఎవరికైనా చెబితే ముందు నమ్మరు, నమ్మాక మురిసిపోతారు.

ఇప్పుడు నంద్యాల. 1928 నవంబరు 17, 18 తేదీల్లో జరిగిన ఆ ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. అంటే మా కాలేజీ పాత లెక్చరర్ అధ్యక్షపీఠం మీద ఉండగా, అదే సభల్లో మా కాలేజీ తెలుగు లెక్చరర్ లేచి దత్తమండలం అన్న మాట ఇక వద్దు, రాయలు ఏలిన సీమ గనుక రాయలసీమ అందాం అన్నాడు. సభ ఒప్పుకుంది. అనంతపురం గొప్ప చెప్పుకోవాలంటే ఇంతకంటే ఏం కావాలి? టీకొట్టు కథలో గురుశిష్యుల్ని కలపడానికి తేదీలు మార్చుకోవాల్సిన పని లేకుండా, నిజంగానే ఇద్దరు కాలేజీవాళ్లు ఒక చోట కలిసిన రోజులు అవి.

గాడిచర్లవారి పక్షంవాళ్ల వాదన నాకు తెలియంది కాదు. కర్నూలు మిత్రులు దీన్ని పట్టుబట్టి చెబుతారు. ఆయన కర్నూలు బిడ్డ. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు వందేమాతరం అన్నందుకు ట్రైనింగ్ కాలేజీనుంచి వెళ్లగొట్టించుకున్నాడు. 1908లో స్వరాజ్య పత్రికలో రాతకు కఠిన కారాగారం అనుభవించాడు. గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితం ధారపోశాడు. అలాంటి పెద్దమనిషి, పైగా సీమవాడు, ఈ పేరు కూడా ఆయనదే అయివుండాలని జనం అనుకోవడం సహజం. ప్రసిద్ధుడి ఖాతాలో పక్కవాడి పనులు కూడా చేరిపోవడం మనకు కొత్త కాదు. చాటువులన్నీ శ్రీనాథుడివే, హాస్యాలన్నీ తెనాలి రామకృష్ణుడివే అనేస్తాం గదా. గాడిచర్లవారికి ఈ ఒక్కటీ లేకపోయినా కొరత ఏమీ లేదు. చిలుకూరివారి దగ్గరనుంచి తీసేస్తే మాత్రం మామూలు జనానికి ఆయన్ని గుర్తుచేసే ఆధారం ఏదీ మిగలదు.

ఉత్తరాంధ్రవాడికి సీమ పేరు గురించి అంత పట్టింపు ఎందుకుంటుంది అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. నా జవాబు ఇది. రోజూ పొద్దున కాలేజీకి వెళ్లేటప్పుడు గేటుమీద ఆ మాట చూసేది ఆయనే. జీతం కాగితం మీద అదే మాట, పరీక్ష పేపర్ల మీద అదే మాట, లైబ్రరీ పుస్తకం తెరిస్తే ఊదారంగు స్టాంపులో అదే మాట. కర్నూల్లో, కడపలో ఉన్నవాళ్లకు దత్తమండలం అనేది సభల్లో, వినతిపత్రాల్లో వాడే పేరు. అనంతపురం కాలేజీలో పనిచేసేవాడికి అది ఇంటిపేరులాగా అంటుకుంది. మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడమే వృత్తిగా ఉన్న పండితుడికి అది ముల్లులా గుచ్చుకోకుండా ఉంటుందా? ఇది నా ఊహ అని ముందే చెబుతున్నాను. కానీ పాత పత్రికల ఫైళ్లు తిరగేసి ఈ తగవు పరిశీలించినవాళ్లు చిలుకూరివారి పేరు దగ్గరికే వచ్చారు. దశాబ్దాల తర్వాత జ్ఞాపకంమీద రాసినవాళ్లే ఎక్కువగా గాడిచర్లవారి పేరు రాశారు. రెంటిలో దేనికి బరువు ఎక్కువో చెప్పడానికి చరిత్ర డిగ్రీ అక్కర్లేదు.

సభ పేరు మార్చింది గాని ప్రాంతం రాత మారలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టాక కేంద్రం ఎక్కడ అన్న తగాదాలో అనంతపురం పేరు కూడా గట్టిగానే వినబడింది. చివరికి వాల్తేరుకు పోయింది. 1937 నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్‌లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని ఒడంబడిక రాసుకున్నప్పుడు అందులో విశ్వవిద్యాలయానికి రెండు కేంద్రాలు ఉండాలని పెట్టారు. ఒకటి వాల్తేరు, రెండోది అనంతపురం. ఊరి పేరుతో సహా రాశారు. అప్పటికి అనంతపురంలో ఉన్నత విద్య అంటే మా కాలేజీయే, ఆ కేంద్రం మొలకెత్తాల్సింది దాని ఆవరణలోనే. ఆంధ్రరాష్ట్రం వచ్చింది. 1954లో విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలిసింది. తిరుపతిమీద నాకు భక్తి తప్ప ద్వేషం లేదు. కానీ నిజాం ఇచ్చిన దత్తమండలాల్లో తిరుపతి లేదు, అది ఉత్తర ఆర్కాటునుంచి చిత్తూరు జిల్లాలోకి వచ్చిన ఊరు. మాట ఇచ్చింది అనంతపురానికి. మాకు 1968లో పీజీ సెంటరు వచ్చింది, 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. ఒడంబడికకూ దానికీ మధ్య నలభైనాలుగేళ్లు. ఆ ఏడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మా కాలేజీ పాత విద్యార్థే అయినా, ఊరి వాటా ఊరికి చేరడానికి అన్నేళ్లు పట్టింది.

రాయలవారి పేరు విశ్వవిద్యాలయానికి ఎక్కింది. సంజీవరెడ్డిగారి పేరు స్టేడియానికి ఉంది. సెప్టెంబరు 5న రాధాకృష్ణన్ పటానికి ఏటా దండ పడుతూనే ఉంది. నవంబరు 18న ఆర్ట్స్ కాలేజీ తెలుగు శాఖ ఒక సభ పెట్టి చిలుకూరివారి పనిమీద ఒక ప్రసంగం చేయిస్తే చాలు, నేను అడిగేది అంతే. ఖర్చు పెద్దగా లేదు, అనుమతులు అక్కర్లేదు. ప్రసంగానికి వచ్చేవాళ్లు ముందుగా పప్పూరి రామాచార్యులవారు మా ఊరినుంచి నడిపిన శ్రీసాధన పాత సంచికలు చదివి రావాలి. 1926లో మొదలైన ఆ పత్రిక నాటి సీమ సభలూ తగాదాలూ వారం వారం రాసుకుంటూ పోయింది. కర్నూలు మిత్రులనూ పిలుద్దాం. గాడిచర్లవారి తరఫున వాళ్ల దగ్గర 1928నాటి కాగితం ఏదైనా ఉంటే తెచ్చి అందరిముందూ పెట్టమందాం.