కారు మరిగింది, తప్పెవరిది? ట్రయంఫ్ స్టాగ్ కథ

ఈ ఎపిసోడ్ ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక స్పోర్ట్స్ కారు గురించి. కానీ ముందు మా నాన్న కారు సంగతి చెప్తాను, లేకపోతే ఈ టాపిక్ నాకెందుకు ఇంత ఇష్టమో మీకు అర్థం కాదు.

నేను ఆరో క్లాస్‌లో ఉన్నప్పుడు మాకు ఒక సెకండ్ హ్యాండ్ కారు ఉండేది. ఒకసారి దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే బోనెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. పక్కకి ఆపి, గంట సేపు చల్లారనిచ్చి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ అందులో పోసి ఎలాగో కొండెక్కాం. ఇంటికొచ్చాక మెకానిక్ హెడ్ గాస్కెట్ పోయిందని మార్చాడు. రెండు నెలలకి మళ్లీ అదే కథ, మళ్లీ గాస్కెట్. మూడోసారి "ఇంజిన్ అయిపోయింది సార్, అమ్మేయండి" అన్నాడు. నాన్న దాదాపు తుక్కు రేటుకి అమ్మేశారు. కొన్నాయన రేడియేటర్ కడిగించి, దాని క్యాప్ మార్చాడు. అంతే! ఆ కారు ఇంకో ఆరేళ్లు మా వీధిలోంచే తిరిగింది. దాని హారన్ వినగానే నాన్న చేతిలో పేపర్ మొహానికి అడ్డంగా పైకి లేచేది.

సరే, ఇప్పుడు ఇంగ్లండ్ వెళ్దాం.

కావెంట్రీ ఊళ్లో ట్రయంఫ్ అనే కార్ల కంపెనీ ఉండేది. 1960ల్లో ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి, ట్రయంఫ్ 2000 అనే మామూలు ఫ్యామిలీ కారుని తీసుకుని, దాన్ని కోసి, టాప్ తీసేసి ఒక అందమైన ఓపెన్ కారు చేశాడు. ట్రయంఫ్ ఇంజినీరింగ్ హెడ్ హ్యారీ వెబ్‌స్టర్‌కి అది తెగ నచ్చింది. అదే స్టాగ్ అయింది. 1970 జూన్‌లో మార్కెట్లోకి వచ్చింది. నాలుగు సీట్లు, 2,997 సీసీ వీ8 ఇంజిన్, దాదాపు 145 హార్స్‌పవర్. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లో సీన్ కానరీ నడిపింది కూడా ఈ కారునే. ఇంతకన్నా మంచి పబ్లిసిటీ ఏముంటుంది చెప్పండి?

కానీ కొన్నాళ్లకే పేరు పోయింది. ట్రాఫిక్‌లో మరిగిపోతుంది, గాస్కెట్లు కాలిపోతాయి, సిలిండర్ హెడ్లు వంకర పోతాయి. 1973లో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకున్నారు. 1977లో తయారీయే ఆపేశారు. మొత్తం తయారైనవి దాదాపు 26 వేలు. కొన్నవాళ్లలో చాలామంది అసలు ఇంజిన్ పీకేసి, రోవర్ వీ8నో ఫోర్డ్ వీ6నో పెట్టించుకున్నారు. "ఇంజిన్ అయిపోయింది సార్" అన్నమాట. అచ్చం మా నాన్న కేసే!

మరి నిజంగా ఏం జరిగింది? నేను బీటెక్ తర్వాత నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ వెతికాను. అక్కడ నేర్చుకున్నది ఏంటంటే, పెద్ద సిస్టమ్ పడిపోయిందంటే సాధారణంగా ఒక్క తప్పు వల్ల కాదు. నాలుగైదు చిన్న తప్పులు ఒకేసారి కలుస్తాయి. స్టాగ్ దానికి టెక్స్ట్‌బుక్ ఉదాహరణ.

మొదటిది, వాటర్ పంప్ ఉన్న చోటు. చాలా కార్లలో ఈ పంప్ ఇంజిన్ ముందు, కాస్త కిందగా ఉంటుంది. ట్రయంఫ్ తన వీ8ని ఒక నాలుగు సిలిండర్ల ఇంజిన్ కుటుంబం నుంచి తయారుచేసింది. స్వీడన్ కంపెనీ సాబ్ తన సాబ్ 99 కారుకి తీసుకున్నది ఆ నాలుగు సిలిండర్లదే. ఆ డిజైన్ వల్ల వీ8లో పంప్ రెండు వరసల మధ్యలో, బాగా పైన కూర్చుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి కొంచెం కూలంట్ బయటికి పోయిందనుకోండి. లెవల్ పంప్ కన్నా కిందికి దిగుతుంది. అప్పుడు పంప్ నీళ్లని కాదు, గాలిని తిప్పుతుంది. కిందున్న కూలంట్ అలాగే నిలబడి ఇంకా మరుగుతుంది. పైగా ఈ పంప్ బెల్టుతో తిరగదు, ఇంజిన్ లోపలి షాఫ్ట్ మీది గేర్‌తో తిరుగుతుంది. ఆ గేర్ పళ్లు అరిగిపోతే బయటి నుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

రెండోది, రెండు లోహాలు. బ్లాక్ పోత ఇనుముది, హెడ్లు అల్యూమినియంవి. ఈ జోడీ మధ్య ఉత్త నీళ్లు ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. అందుకే తుప్పు ఆపే మందు కలిసిన యాంటీఫ్రీజ్ ఏడాది పొడుగునా ఉండాలి. కానీ అప్పట్లో చాలామందికి యాంటీఫ్రీజ్ అంటే చలికాలం సరుకు. ఎండాకాలం వస్తే ఉత్త నీళ్లే పోసేవాళ్లు. డీలర్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. కరిగిన అల్యూమినియం తెల్లటి మడ్డిలా మారి రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంది.

మూడోది, ఫ్యాక్టరీ పని. ఇంజిన్ బ్లాక్‌ని ఇసుక అచ్చులో పోత పోస్తారు. తర్వాత ఆ ఇసుకంతా శుభ్రంగా తీసేయాలి. చాలా స్టాగ్ ఇంజిన్లు విప్పినప్పుడు నీళ్ల దారుల్లో ఆ పోత ఇసుక ఇంకా ఉంది. అది 1968లో ఏర్పడిన బ్రిటిష్ లేలాండ్ కాలం. సమ్మెలు, మేనేజ్‌మెంట్ గొడవలు, నాణ్యత మీద ఎవరికీ పట్టు లేదు.

నాలుగోది, హెడ్ బిగించిన తీరు. సగం బిగింపులు నిటారుగా, సగం ఏటవాలుగా ఉంటాయి. దాంతో ఫ్యాక్టరీలో హెడ్‌ని ముందే పూర్తిగా అమర్చి ఇంజిన్ మీద కూర్చోబెట్టొచ్చు, ఖర్చు తగ్గుతుంది. కానీ హెడ్ వేడెక్కి, చల్లారిన ప్రతిసారీ గాస్కెట్ మీద పక్కవాటు ఒత్తిడి పడుతుంది.

ఇప్పుడు మెకానిక్ వైపు నుంచి చూడండి. కారు వచ్చింది, గాస్కెట్ కాలింది. గాస్కెట్ మార్చాడు, బిల్లు ఇచ్చాడు. రేడియేటర్‌లో మడ్డి అలాగే ఉంది, బ్లాక్‌లో ఇసుక అలాగే ఉంది. కారు మళ్లీ వచ్చింది. అతను అబద్ధం చెప్పలేదు, గాస్కెట్ నిజంగానే పోయింది. కానీ అది జబ్బు కాదు, జబ్బు లక్షణం.

మరి సరిగ్గా ఎలా వెతకాలి? పాత కారు ఏదైనా పద్ధతి ఒకటే. చవకైనది ముందు, ఇంజిన్ విప్పడం చివర్లో.

ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలంట్ లెవల్ చూడాలి. వేడి మీద క్యాప్ ఎప్పుడూ తీయకండి! అది ప్రెషర్ కుక్కర్ లాంటిది. బయటి గాలి కన్నా ఒక అట్మాస్ఫియర్ ఎక్కువ ప్రెషర్‌లో నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. క్యాప్ తీసిన క్షణం ప్రెషర్ పోయి, ఆ నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మొహం మీదికి వస్తాయి. ఇంకో సంగతి, క్యాప్‌లో రబ్బరు పాడైతే ఆ ప్రెషర్ నిలవదు. నీళ్లు 100 దగ్గరే మరిగి బయటికి పోతాయి. స్టాగ్‌లో అంటే పంప్ గాలి పీల్చడానికి అదే మొదటి మెట్టు.

తర్వాత రేడియేటర్. ఇంజిన్ వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో దాని మీద అక్కడక్కడా కొలవండి. ఒకచోట వేడిగా, పక్కనే చల్లగా ఉంటే ఆ చల్లటి గొట్టాల్లో మడ్డి ఉన్నట్టే. తర్వాత థర్మోస్టాట్. దాన్ని ఊడదీసి గిన్నెలో నీళ్లు కాచి అందులో వేస్తే, దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. తర్వాత ఫ్యాన్. రోడ్డు మీద బాగుండి ట్రాఫిక్‌లోనే వేడెక్కుతుంటే అనుమానం ముందు ఫ్యాన్ మీదికి పోవాలి. స్పీడ్ మీద కూడా వేడెక్కుతుంటే రేడియేటర్, పంప్ చూడాలి. ఇవన్నీ అయ్యాకే గాస్కెట్ టెస్ట్. రేడియేటర్ మూతి దగ్గర నీలం రంగు ద్రవం ఉన్న గొట్టం పెడతారు. కాలిన గ్యాస్ కూలంట్‌లోకి వస్తుంటే అది పసుపు రంగుకి మారుతుంది.

ఒక హెచ్చరిక. టెంపరేచర్ ముల్లుని గుడ్డిగా నమ్మొద్దు. కూలంట్ సెన్సర్ కిందికి దిగిపోతే సెన్సర్ చుట్టూ ఉన్నది నీళ్లు కాదు, గాలి. అప్పుడు ఇంజిన్ కాలిపోతుంటే ముల్లు హాయిగా కిందికి దిగొచ్చు. మా ఆఫీసులో ఒకసారి ఇదే జరిగింది. రాత్రంతా ఎర్రర్ లాగ్స్ ఒక్కటీ రాలేదని సంబరపడ్డాం. తీరా చూస్తే లాగ్స్ రాసే సర్వీసే చచ్చిపోయింది!

స్టాగ్ కథ చివరికి ఎలా తేలిందో తెలుసా? కంపెనీ వదిలేసిన చిక్కుని ఓనర్లు విప్పారు. స్టాగ్ ఓనర్స్ క్లబ్‌లాంటి చోట్ల ఏళ్ల తరబడి ఒకరికొకరు చెప్పుకున్నారు. బ్లాక్‌లో ఇసుక కడిగారు, పెద్ద రేడియేటర్ పెట్టారు, లెవల్ తగ్గితే మోగే అలారం బిగించారు, యాంటీఫ్రీజ్ టైంకి మార్చారు. ఆ ఇంజిన్ నిక్షేపంగా నడిచింది. ఇప్పుడు స్టాగ్ కొనేవాళ్లలో చాలామంది ముందు అడిగేది "ఒరిజినల్ ఇంజినేనా?" అనే. అప్పట్లో పీకి పారేసినదే ఇప్పుడు కావాలి.

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, మన కారు ఇంజిన్ పాడవలేదు" అన్నాను. "తెలుసురా, అమ్మిన నెలలోనే తెలిసింది" అన్నారు. మరి మెకానిక్‌ని నిలదీయలేదా అంటే, "అతను చూసింది చెప్పాడు. గాస్కెట్ ఎందుకు పోయిందని నేను ఒక్కసారైనా అడిగానా?" అన్నారు.

మీ ఇంట్లో కూడా ఇలా తొందరపడి అమ్మేసిన బండి ఏదైనా ఉంటే కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా, క్యాప్ మాత్రం చల్లారాకే తీయండి. ఉంటాను.