దివిటీనుండి గణకయంత్రము వరకు: రంగదీపముల కథ

నాటకమును గూర్చి ముచ్చటించునపుడు కవిని, నటుని, గాయకుని ప్రశంసింతుము. దీపము పట్టినవానిని తలచువారు అరుదు. అయినను నాట్యకళ పుట్టినది మొదలు దీపము దానిని వీడలేదు. రంగపూజావేళ నాట్యాచార్యుడు మండుచున్న దివిటీని చేబూని రంగమంతయు వెలిగింపవలెనని నాట్యశాస్త్రము మూడవ అధ్యాయమున విధించినది. మన కూచిపూడి భాగవతుల ప్రదర్శనములయందు దివిటీలే దీపములు. ముఖ్యపాత్ర ప్రవేశించు క్షణమున దివిటీపై గుగ్గిలపు పొడి చల్లగా, మంట భగ్గున లేచి పాత్రముఖము ఒక్కసారిగా ప్రజ్వలించెడిది. ఆ పొడి ఒక లిప్త ముందు పడినను, వెనుక పడినను ప్రవేశము చెడును. ఎంత వెలుగు, ఎచ్చట, ఏ క్షణమున? ఈ మూడు ప్రశ్నలలోనే రంగదీపన విద్య యంతయు ఇమిడియున్నది.

పాశ్చాత్యులు ఈ ప్రశ్నలకు యంత్రములతో సమాధానము వెదకిరి. 1817లో లండను నగరమందలి డ్రూరీలేను నాటకశాల రంగస్థలముపై గ్యాసుదీపములు వెలిగెను. పిదప గ్యాసుగొట్టముల మరలన్నిటిని ఒకచోట చేర్చుటచే, ఒక్క మనుష్యుడే రంగమంతటి వెలుగును హెచ్చింపను తగ్గింపను గలిగెను. 1881లో అదే నగరమున సవాయ్ నాటకశాల విద్యుద్దీపములతో వెలిగెను. 1947లో అమెరికాయందలి యేల్ విశ్వవిద్యాలయమున జార్జి ఐజనూర్ ఎలక్ట్రానిక్ నియంత్రణ పీఠమును నిర్మించెను. 1975లో న్యూయార్కు బ్రాడ్వేయందు ‘ఎ కోరస్ లైన్’ నాటకమునకు థారన్ మస్సర్ అను విదుషీమణి, దీపక్రమమును జ్ఞాపకముంచుకొను కంప్యూటరు బోర్డును మొట్టమొదట వినియోగించెను. అంతవరకు చేతికి మాత్రమే తోడైన యంత్రము నాడు జ్ఞాపకమునకును తోడయ్యెను.

ఈ చరిత్రలో మన ఢిల్లీకిని స్థానము కలదు. 1924లో అస్సామున జన్మించిన తాపస్ సేన్ ఈ నగరముననే పెరిగెను. పిదప కలకత్తా చేరి, 1959లో ‘సేతు’ నాటకమున దూసుకువచ్చు రైలుబండిని, ‘అంగార్’ నాటకమున బొగ్గుగనిని ముంచెత్తు జలమును, రైలు లేకయే, నీరు లేకయే, వెలుగునీడలతో కన్నులకు గట్టించెను. ఆ సంవత్సరమే ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయము వెలసెను. దానికి 1962 నుండి 1977 వరకు సంచాలకుడైన ఇబ్రహీం అల్కాజీ 1963లో ఫిరోజ్ షా కోట్లా శిథిలముల నడుమ ‘అంధాయుగ్’ను ప్రదర్శించి, పాతరాతిగోడలు సైతము నాటకమున పాత్రలు కాగలవని చూపెను. 1965లో ఎర్రకోటయందు ధ్వని-కాంతి ప్రదర్శనము ప్రారంభమయ్యెను. ఫ్రాన్సు దేశమున 1952లో షాంబోర్ కోటలో పుట్టిన పద్ధతి యిది. ఇందు నటుడు లేడు. ముందుగా కూర్చిన క్రమమును ప్రతిరాత్రియు తప్పక అనుసరించుటయే దీని ప్రాణము. నేటి సాఫ్టువేరునకు ఇది జ్యేష్ఠసోదరుడన వచ్చును.

1986లో అమెరికాయందలి రంగస్థల సాంకేతికుల సంస్థ ‘డి.ఎం.ఎక్స్. 512’ అను నియమావళిని ఏర్పరచెను. దీని మర్మము మన ఉద్యోగులకు తేలికగా బోధపడును. సర్కారు క్వార్టర్లకు వలె ప్రతి దీపమునకు ఒక చిరునామా సంఖ్య ఉండును. ఒకే తీగపై 512 సంఖ్యలకు వర్తమానములు పోవును. ఎవరి ఉత్తరము వారు గైకొన్నట్లు ప్రతి దీపము తనదానిని మాత్రమే గ్రహించును. వర్తమానము 0 అయిన చీకటి, 255 అయిన పూర్ణకాంతి. ఎరుపు, ఆకుపచ్చ, నీలము కలిసిన రంగుదీపమునకు మూడు సంఖ్యలు కావలెను. కావున మొదటిదానికి 1, రెండవదానికి 4, మూడవదానికి 7 చిరునామాగా నీయవలెను. రెండింటికి ఒకే చిరునామా నిచ్చినచో అవి కవలలవలె ఒకే పని చేయును.

ఈ విద్య నారంభింపగోరువారు ‘క్యూ.ఎల్.సి. ప్లస్’ వంటి ఉచిత సాఫ్టువేరును ఇంటి కంప్యూటరులో నుంచుకొని, ఒక్క దీపమైనను లేకయే అభ్యసింపవచ్చును. ముందుగా దీపముల పట్టిక, పిదప ఒక్కొక్క దృశ్యమునకు వెలుగుల కూర్పు, ఆపై దృశ్యము దృశ్యముగా మారుటకు పట్టు కాలము, తుదకు అన్నిటి వరుస: క్రమమిది. ప్రదర్శనమునకు కంప్యూటరుకును దీపములకును నడుమ ఒక చిన్న పెట్టె, తగిన తీగ, కడపటి దీపమున 120 ఓముల నిరోధకము చాలును. మందుగుండును మాత్రము ఈ తీగకు అప్పగింపరాదు.

ఒక్కటి మరువరాదు. శ్రీకృష్ణ రాయబారమున గాయకుడు రాగము నెంత సాగదీయునో గడియారమునకు తెలియదు. సభ ‘వన్స్ మోర్’ అని కేక వేసినచో, నిమిషముల లెక్కపై నడచు యంత్రము పద్యము ముగియకముందే విశ్వరూపపు వెలుగును కురిపించును. కావున మన నాటకములకు క్రమమును యంత్రమునకు ఒప్పగింపుడు, క్షణమును మనుష్యునిచేత నుంచుడు. మీట నొక్కువాడు పద్యము తెలిసినవాడై యుండవలెను. గుగ్గిలము చల్లినవానికి తెలిసిన రహస్యమిదియే.

మన సమాజములకు ఇందు వేరొక ప్రయోజనమును కలదు. దీపముల సంగతి ఎరిగిన సభ్యునకు బదిలీ యైనను, ఉద్యోగ విరమణ యైనను, ఆ విద్య అతనితోనే తరలిపోవును. మరుసటి ఉగాదికి మరల ఓనమాలే. సాఫ్టువేరు అతని కూర్పును భద్రపరచును గాని, ఆ కూర్పు ఎందులకో చెప్పజాలదు. ‘ద్రౌపది తల యెత్తినపుడు’, ‘తలుపు చప్పుడైన పిదప’ అని నాటకప్రతి అంచున తెలుగున వ్రాసియుంచిననే అది తరువాతివానికి ఉపకరించును. ప్రతి సమాజము అట్టి ప్రతి నొకదానిని దాచి, ఇద్దరు యువకులను ఆ పెట్టెకడ కూర్చుండబెట్టుట మేలు. పరదేశమువంటి ఈ నగరమున మన నాటకము నిలువవలెనన్న, పాడువాడొక్కడే కాదు, దీపము పట్టువాడును తరతరమునకు కావలెను.