వెండి వందలో సగం వెండి

ఏప్రిల్ 16 దగ్గరపడిందంటే పత్రికలవాళ్ళకి రైలు గుర్తొస్తుంది. 1853లో ఆ రోజు మధ్యాహ్నం మూడున్నర దాటాక బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణాకి తొలి ప్రయాణికుల బండి కదిలింది. పద్నాలుగు పెట్టెలు, నాలుగు వందల మంది పెద్దమనుషులు, ఇరవై ఒక్క తుపాకుల వందనం. లాగినవి సాహెబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు. ఏటా చెప్పుకునే కథే కనుక దాన్ని అక్కడికి వదిలేసి, ఆ కథ పేరిట 2003లో భారత ప్రభుత్వం వేయించిన వెండి నాణెం దగ్గరికి వద్దాం.

వంద రూపాయల నాణెం అది. అడ్డకొలత 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. ఒకవైపు మూడు సింహాలు, రెండోవైపు లాంతరు పట్టుకుని నిలబడ్డ ఏనుగు గార్డు. ఈ ఏనుగు పేరు భోలూ. 150 ఏళ్ళ పండగ కోసం నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వాళ్ళు గీసిచ్చారు. పండగ అయిపోయినా రైల్వేవాళ్ళు దాన్ని వదులుకోలేక తమ చిహ్నంగా ఉంచేసుకున్నారు. పోస్టర్ల మీద దాని లాంతరు పచ్చగా ఉంటుంది. వెండి మీద రంగు రాదు కదా! బండిని పొమ్మంటోందో ఆగమంటోందో చూసేవాళ్ళే ఊహించుకోవాలి.

వెండి అన్నాను గానీ అందులో సగమే వెండి. 40 శాతం రాగి, నికెల్ ఐదు, జింకు ఐదు. అంటే అసలు వెండి 17.5 గ్రాములు, పాత తూకంలో ఒకటిన్నర తులం. ఠాణా బండిని చూడ్డానికొచ్చినవాడి రొంటిన ఉండే మామూలు కంపెనీ రూపాయి తులం బరువు తూగేది. అందులో పన్నెండు పాళ్ళకి పదకొండు పాళ్ళు వెండే. లెక్క కడితే మన వెండి వందలో ఉన్నది అప్పటి రూపాయి పదణాల వెండి!

వాహనాన్ని నాణెం మీదికి ఎక్కించడం మనకి కొత్తేం కాదు. శాతవాహనులు తెరచాప ఓడని సీసపు నాణేల మీద ముద్రించారు. ఆ తరవాత పదిహేడు వందల ఏళ్ళు గబగబా దాటేస్తే, రాజులు మారారు, వరాహాలు వచ్చాయి, పోయాయి, కంపెనీ దొరలు దిగారు. ఇక ఏ నాణెమూ ఎక్కని ఒక బండి కోసం నేను ఆగవలసిన స్టేషన్ వచ్చేసింది. ధవళేశ్వరం.

నందన నామ సంవత్సరపు కరువు గోదావరి జిల్లాని పీల్చేశాక, 1839లో ఉప్పెన కూడా వచ్చి మీద పడింది. పక్కనే అంత నది పారుతుంటే మనుషులు ఆకలితో పోవడమేమిటని సర్ ఆర్థర్ కాటన్‌కి మనసు కుదుటపడలేదు. అప్పటికింకా సర్ కాలేదు, ఉత్త ఇంజనీరు దొర. ఆనకట్ట కట్టాలన్నాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకలతో కలుపుకుని నాలుగు మైళ్ళ వెడల్పు. అడుగున బండరాయి లేదు, ఉన్నదంతా ఇసకే. ఇసక మీద కట్టడం ఎలా నిలుస్తుందో ఆయన కావేరి మీద చోళుల కల్లణై చూసి నేర్చుకున్నాడు, ఆ మాట దాచుకోలేదు కూడా. కిటుకు ఒకటే: రాయి మీద రాయి, లెక్కలేనంత రాయి.

రాయి ధవళేశ్వరం కొండలోనే ఉంది. కొండ నుంచి నది దాకా దాన్ని మోయాలి. కాటన్ పట్టాలు వేయించాడు. అవును, బోరీబందర్‌కి కొన్నేళ్ళ ముందే 1840లలో గోదావరి గట్టున ఇనప పట్టాల మీద రాళ్ళబండి నడిచింది. టికెట్టు లేదు, తుపాకుల వందనం లేదు, ఎక్కినవాళ్ళెవరూ పెద్దమనుషులు కారు, ఎక్కినవన్నీ బండలే. కాటన్‌కి ఈ పని కొత్త కూడా కాదు. 1837 ప్రాంతంలో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రోడ్లకి కావలసిన కంకరరాయి తోలడానికి ఇలాంటి లైనే వేయించి ఉన్నాడు. 1847లో మొదలైన ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. వేలమంది కూలీలు పనిచేశారు. వాళ్ళని నడిపించిన వీణం వీరన్న పేరు గోదావరి జిల్లాలవాళ్ళం ఇంకా మరిచిపోలేదు. పండితులైతే స్నాన సంకల్పంలో కాటన్ దొరని భగీరథుడి పక్కన నిలబెట్టారు.

నాకు ముచ్చటగా ఉండేది దీని తరవాతి ముక్క. పట్టాలేసిన ఈ మనిషే రైళ్ళకి బద్ధవ్యతిరేకి అయ్యాడు. సరుకు మోయడానికి కాలవ చాలు, పడవ కూలి చవక, పైగా అదే కాలవ పొలం కూడా తడుపుతుందని జీవితాంతం వాదించాడు. డెబ్భై ఏళ్ళు దాటాక, 1878లో, లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని కూడా అదే పాట. అందరూ చాదస్తమనుకున్నారు. కానీ ఈ రైలు లెక్కలో వెండి కూడా ఉంది చూడండి. రైలు కంపెనీల లండన్ వాటాదారులకి ఏటా ఐదు శాతం వడ్డీ గ్యారంటీ. లైనుకి లాభం రాకపోతే మన పన్నుల్లోంచి కట్టాలి, అదీ పౌన్లలో. 1870ల నుంచి వెండి ధర పడిపోతుంటే అదే పౌనుకి మరిన్ని రూపాయలు పోయాల్సొచ్చింది. చివరికి 1893లో, వెండి తెచ్చినవాళ్ళందరికీ రూపాయలు కొట్టివ్వడం టంకశాలల్లో ఆపేశారు. రైలుకీ వెండికీ మనదేశంలో ఉన్న పాత చుట్టరికం ఇది. స్మారక నాణెం మీద దీనికి చోటు దొరకలేదు.

తక్కినది తొందరగా చెప్పేస్తాను. 1874లో నిజాం గారి రైలు వాడి నుంచి సికిందరాబాదు చేరింది. నిజాం నాణేల మీదికి తరవాత చార్మినార్ ఎక్కింది గానీ రైలు ఎక్కలేదు. 1900లో రాజమండ్రి దగ్గర 56 ఖానాల హేవలాక్ వంతెన మీద రైలు గోదావరి దాటింది. పడవల పక్షం అక్కడితో ఓడిపోయిందనే చెప్పాలి. ఆ వంతెన కూడా 1997లో రిటైరైంది. 1953లో నూరేళ్ళ పండగకి రెండణాల స్టాంపుతో సరిపెట్టారు. స్మారక నాణేలు వేయడం మనవాళ్ళు 1964లో నెహ్రూతో గానీ మొదలుపెట్టలేదు. ఇక 2028లో 175 ఏళ్ళు నిండుతాయి, ఏదో ఒక నాణెం రాక తప్పదు. ధవళేశ్వరం రాళ్ళబండి దానిమీదికి ఎక్కుతుందన్న ఆశ నాకైతే లేదు.

వెండి వంద బీరువాల్లోనే ఉండిపోయింది. అదే ఏనుగుతో 2003లో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ మాత్రం కొట్టుల్లో, కండక్టర్ల సంచుల్లో తిరిగింది. ఇప్పుడు ఫోన్లో ఎవరో ఒకరు పాత బిళ్ళలకి లక్షలిస్తామంటూ, ముందు కొంత ఫీజు కట్టమంటుంటారు. ఇలాంటివి నమ్మొద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రకటనే ఇవ్వాల్సొచ్చింది. మీ డబ్బాలో ఏనుగు బిళ్ళ ఉంటే అది రెండు రూపాయలే. దానికి మరో ఎనిమిది కలిపితే ప్లాట్‌ఫారం టికెట్టు వస్తుంది.