తలంటు మొదలు షాంపూ వఱకు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మొదట మీకు మిక్కిలి స్వల్పముగా తోపవచ్చును. తల రుద్దుకొనుటకు చరిత్ర యేమి, దానిని రేడియోలో చెప్పుట యేమి యని యనుకొనవచ్చును. కాని రాజుల యుద్ధములు మాత్రమే చరిత్ర కాదు. మన యిండ్లలో వారమున కొకసారి తప్పక జరుగుచు వచ్చిన పనియందును చరిత్ర కలదు. నేడు మన పిడుగురాళ్ల ప్రాంతపు పల్లెలలో కిరాణాకొట్టు గుమ్మమునకు తోరణమువలె షాంపూ పొట్లములు వ్రేలాడుచున్నవి. ఒక పొట్లమును చింపి తలపై పోసికొను పిల్లవానికి అందులో నేమున్నదో తెలియదు. వానికి కొనియిచ్చిన తండ్రికిని తెలియదు. వాని తాతకు మాత్రము చిన్ననాట తన తలపై పోసిన దేమో, అది యే చెట్టునుండి వచ్చెనో చక్కగా తెలియును. ఈ తెలివి మూడు తరములలో నెట్లు జాఱిపోయెను, దానిని మరల నెట్లు సంపాదించుకొనవచ్చును అనునదే నా ప్రసంగము.

మొదట మాటలను విచారింతము. తలంటు అను మాటకు మనము నేడు తలస్నానమని యర్థము చెప్పుకొనుచున్నాము. కాని అంటుట యనగా పూయుట, పట్టించుట. తలకు నూనె పట్టించుటయే మొదట తలంటు. సంస్కృతమున అభ్యంగ శబ్దమునకును పూత యనియే యర్థము. కంటి కాటుకకు అంజనమను పేరు వచ్చినదియు ఆ ధాతువునుండియే. నూనె పట్టించినవాడు దానిని కడిగికొనక తప్పదు గనుక, కాలక్రమమున పూతను చెప్పు మాట కడుగుటను గూడ చెప్పసాగెను. షాంపూ అను మాటయు నిట్టిదే. ఇది ఇంగ్లీషువారి సొత్తు కాదు. హిందీలో చాంప్నా యనగా ఒత్తుట, పిసుకుట. చాంపో యనగా ఒత్తుమని యాజ్ఞ. 1759లో పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్ అను నతడు ఈస్టిండియా కంపెనీ సైన్యమున పనిచేసి, 1784లో ఐర్లండునకు వెడలి, తరువాత ఇంగ్లండున సముద్రతీరమందలి బ్రైటన్ పట్టణమున 1814 ప్రాంతమున ఆవిరిస్నానములును ఒళ్లు పట్టుటయు గల శాల నొకదానిని నడపెను. నాల్గవ జార్జి, నాల్గవ విలియము అను రాజు లిరువురు నతని సేవ నందిరి. అతడు 1851లో గతించెను. ఆ కాలమున షాంపూ యనగా ఒళ్లు పట్టుటయే. అది తల కడుగుటకు పేరైనది పందొమ్మిదవ శతాబ్దము ఉత్తరార్ధమున. కావున మన తలంటును, వారి షాంపూయు ఒకే త్రోవను నడచిన మాటలు. మన మాటయే సముద్రము దాటి, సీసాలో నిండి, మనకు మరల వెలకు వచ్చినది.

అభ్యంగనము మన పూర్వులకు వట్టి విలాసము కాదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను విధించుచు అభ్యంగమును నిత్యకృత్యములలో చేర్చెను. వేడినీరు మెడకు క్రింది భాగమునకు బలము నిచ్చుననియు, తలపై పోసినచో కేశములకును నేత్రములకును చెఱుపు చేయుననియు నతడే హెచ్చరించెను. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజగు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున స్నానము రాజభోగములలో నొకటిగా వర్ణింపబడినది. శ్రీకృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, విజయనగరమును చూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసు దేశస్థుడు రాయలవారి ప్రాతఃకాలకృత్యమును వ్రాసిపెట్టెను. రాయలు తెల్లవాఱకమునుపే నువ్వులనూనె త్రాగి, అదే నూనెను మేనంతట పట్టించుకొని, బరువుల నెత్తి, కత్తిసాము చేసి, ఆ నూనెయంతయు చెమటగా వెడలువఱకు శ్రమించి, కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి తిరిగి, పిదప స్నానము చేయుచుండెనట.

నూనె పట్టించుట సులభమే. దానిని వదల్చుట యెట్లు? నీటికిని నూనెకును పొత్తు లేదు. ఈ ప్రశ్నకు మనదేశమువారు కనుగొనిన సమాధానము మిక్కిలి ప్రాచీనమైనది. మనుస్మృతి అయిదవ యధ్యాయమున వస్త్రశుద్ధిని చెప్పుచోట పట్టునకును ఉన్నికిని చౌడుమన్నును, కొండమేక రోమముతో నేసిన కంబళ్లకు అరిష్టకములను, కొన్ని నారబట్టలకు మారేడుకాయలను, మఱికొన్నిటికి తెల్లయావాలను విధించినారు. అరిష్టకములనగా మన కుంకుడుకాయలే. అమరకోశమున అరిష్టమునకు ఫేనిలమని పర్యాయము. ఫేనమనగా నురుగు, నురుగు గలది ఫేనిలము. అదే కోశమున సప్తల యను తీగెకు భూరిఫేన, చర్మకష అని పేళ్లు కలవు. సప్తల సీకాయయే యని పలువురు పండితులు తలంచిరి. పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు సయితము కుంకుడు జాతికి సపిండస్ అని పేరు పెట్టిరి; ఆ లాటిను మాటకు హిందూదేశపు సబ్బు అని యర్థము. చూడుడు, వస్తువు యొక్క గుణము పేరులోనే యున్నది. పేరు తెలిసినవానికి పని తెలిసినట్లే.

మీలో అఱువది దాటినవా రందఱును కుంకుడురసమును ఎఱిగినవారే. కాయలను రాతిపై కొట్టి గింజలు తీసి, పెచ్చులను వేడినీళ్లలో నానవేసి, పిసికి వడియగట్టిన నురుగుతో కూడిన రసము సిద్ధమగును. కొందఱు మందారాకును చేర్చుదురు. కొందఱు గంజి కలుపుదురు. గింజలు పిల్లల యాటకు పోవును. మిగిలిన రసముతో కంసాలి నగలకు మెఱుగు పెట్టును. ఇల్లాలు పట్టుచీర నుదుకును. సీకాయ వేఱు పద్ధతి. కాయ నెండబెట్టి, మెంతులు మొదలగువానితో మరపట్టించి, పొడిని నీళ్లలో కలిపి రుద్దుదురు. కుంకుడు జిడ్డును వేగముగా వదల్చును. సీకాయ మెల్లగా వదల్చి, వెండ్రుకకు కొంత నూనెను నిలుపును. కనుకనే ఆముదము దట్టముగా పట్టించిననాడు కుంకుడును, ఎండు వెండ్రుకలవారికి సీకాయను వాడుదురు. ఇది యొక పొట్లముపై చదివిన తెలివి కాదు. చేతితో పోల్చి తెలిసికొనినది.

ఇక ఈ నురుగు పనిచేయు తీరును చెప్పెదను. రెండు గ్రామములకు వైరము కలదనుకొనుడు. వారి మధ్య మాట నడువవలెనన్న ఇరుప్రక్కల బంధుత్వము గల పెద్దమనిషి కావలెను. నీటికిని నూనెకును నడుమ నట్టి పెద్దమనిషి యొక సూక్ష్మమైన యణువు. దాని తల నీటిని కోరును. తోక నూనెను కోరును. తోకలన్నియు జిడ్డుబొట్టులో గ్రుచ్చుకొనగా, తలలు వెలుపల నీటివైపు నిలుచును. జిడ్డు తేలి నీటితో కొట్టుకొనిపోవును. కుంకుడులోను సీకాయలోను ఈ పని చేయు పదార్థమునకు సాపోనిన్ అని పేరు. సబ్బులో వేఱొక పదార్థము, షాంపూలో మఱియొక పదార్థము. పని మాత్ర మొక్కటియే. ఈ యొక్క సూత్రము తెలిసినచో తక్కినదంతయు సులభము.

సబ్బు నూనెను క్షారముతో కాచగా పుట్టును. దాని ధర్మము క్షారధర్మము. బట్టలకు అది యోగ్యమే. తలకు, అందును మన ప్రాంతపు తలకు, అంత యోగ్యము కాలేదు. కారణము మన నేలలో నున్నది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన యూరు. మన పాదముల క్రింద నున్నది సున్నపురాయి. ఆ రాతిలోనుండి ఊరిన నీటిలో సున్నము కరగి యుండును. అట్టి నీటిలో పప్పు సరిగా నుడుకదు. కాచిన పాత్రకు తెల్లని పొర కట్టును. సబ్బు ఆ నీటిలో పడగానే సున్నముతో కలిసి, కరగని తెట్టెగా మాఱి, వెండ్రుకలకు పట్టుకొనును. తల జిగురుగా, వెండ్రుక బిరుసుగా నుండును. కుంకుడున కీ దోషము లేదు. కఠినజలమందును అది నురుగు నిచ్చును, తెట్టె కట్టదు. మీరే పరీక్షింపవచ్చును. ఒక చెంబున వాననీరును, మఱియొక చెంబున బోరునీరును తీసికొని, రెంటను సబ్బు నరుగదీసి కలియబెట్టుడు. పిదప కుంకుడురసముతో నట్లే చేయుడు. భేదము కంటికి కనబడును. సబ్బులు విరివిగా వచ్చిన తరువాతను మన స్త్రీలు ఒంటికి సబ్బును, తలకు కుంకుడును వాడుట మూఢాచారము కాదు, అనుభవసిద్ధమైన నిర్ణయము.

పాశ్చాత్యులకును ఈ చిక్కు తటస్థించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనీలో క్రొవ్వులకును నూనెలకును కఱవు కలుగగా, సబ్బు లేక కడుగు మార్గమును రసాయనశాస్త్రజ్ఞులు వెదకిరి. బెర్లిను నగరమున హాన్స్ ష్వార్జ్‌కాప్ 1903లో పొడి షాంపూను వెలయించెను; 1927లో ఆయన స్థాపించిన సంస్థ ద్రవరూపపు షాంపూను వెలయించెను. 1934లో అమెరికాలో డ్రీన్ అను షాంపూ వచ్చెను. అది సబ్బు కాదు. కొబ్బరినూనె వంటి నూనెల యంశమును గంధకామ్లముతో సంస్కరించి చేసిన క్రొత్త పదార్థము. కఠినజలమందు సయితము తెట్టె కట్టదు. కుంకుడు స్వభావముగా చేయు పనిని యంత్రశాలలో చేయించిరన్నమాట.

అయినను చాలకాలము షాంపూ పట్టణములందలి ధనికుల సీసాలోనే యుండెను. దానిని పల్లెకు తెచ్చినది చిన్న పొట్లము. తమిళనాట కడలూరునకు చెందిన చిన్నికృష్ణన్ అను వర్తకుడు, సీసా కొనలేని కూలివాడును ఒక్కపూటకు సరిపడునంత కొనగలుగవలెనని తలంచెను. ఆయన కుమారులలో నొకడగు రంగనాథన్ 1983లో పదునైదువేల రూపాయల మూలధనముతో చిక్ షాంపూను ప్రారంభించెను. అంతట రాత్రి కాయలు కొట్టి నానవేయు శ్రమ లేకపోయెను. పత్తి, మిరప కోతలకు తెల్లవాఱకమునుపే వెళ్లు స్త్రీకి ఆ సౌకర్యము చిన్నది కాదు. దానిని నిందించుట న్యాయము కాదు.

కాని యొక లోపము కలదు. మనదేశమున 2020 సంవత్సరపు సౌందర్యసాధనముల నిబంధనల ననుసరించి తయారుచేయువారు అందలి ద్రవ్యముల పట్టికను ముద్రింపవలెను. అయితే అఱువది మిల్లీలీటర్లకు లోపగు ద్రవములకు ఈ నియమమునుండి మినహాయింపు కలదు. సీసా కొను పట్టణవాసికి పట్టిక దొరకును. పొట్లము కొను పల్లెవానికి దొరకకపోవచ్చును. కాబట్టి నా మనవి యేమనగా, ఒకసారి మీ యింటివారు వాడు షాంపూయొక్క పెద్దసీసాను దుకాణమున చేతబట్టి, మనుమని యెదుట దాని వెనుకప్రక్క చదివింపుడు.

ఎట్లు చదువవలెను? నూటి కొకటికంటె నెక్కువగా నున్న ద్రవ్యములను ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయవలెనని నియమము. అంతకంటె తక్కువవానిని ఏ వరుసనైనను వ్రాయవచ్చును. మొదటిది తఱుచుగా నీరు. రెండవది సాధారణముగా సోడియం లారెత్ సల్ఫేటు, లేదా సోడియం లారిల్ సల్ఫేటు. జిడ్డు వదల్చు పెద్దమనిషి యితడే. వీరిలో లారిల్ కొంత తీక్ష్ణము, లారెత్ కొంత మృదువు. తరువాత కొకమిడోప్రొపైల్ బీటైన్ అను నది తీక్ష్ణతను తగ్గించును. సోడియం క్లోరైడు మన యుప్పే. ద్రవము చిక్కబడుటకు వేయుదురు. సిట్రిక్ ఆమ్లము నిమ్మపులుపు. డైమెథికోన్ వెండ్రుకపై నునుపైన పొర పఱచును. గువార్ అని మొదలగు పేరు గలది గోరుచిక్కుడు గింజల జిగురునుండి చేయబడి, చిక్కు విడదీయును. బెంజొయేటు, పారబెన్ మొదలగునవి చెడిపోకుండ కాపాడును. మనము ఊరగాయకు ఉప్పు వేయుట వంటిది. జింకు పైరిథియోన్, కీటోకొనజోల్ అనునవి చుండ్రునకు మందులు. అవసరము లేనివాడు మందు తినడు గదా! జింకు పైరిథియోనును యూరపు సమాఖ్య 2022 మార్చినుండి సౌందర్యసాధనములలో నిషేధించినది.

ఇక ముఖ్యమైన సంగతి. పొట్లముపై కుంకుడు, సీకాయ బొమ్మలు పెద్దవిగా నుండవచ్చును. ఆ పేళ్లు పట్టికలో నెచ్చట నున్నవో వెదకుడు. సువాసనద్రవ్యము సాధారణముగా నూటి కొకటికంటె తక్కువగానే యుండును. సీకాయ పేరు దానికి తరువాత నున్నచో, అది సీకాయతో చేసిన షాంపూ కాదు. సీకాయ సోకిన షాంపూ. బొమ్మకు కాదు, వరుసకు వెల యీయవలెను.

ఇంతమాత్రమున ప్రాతదంతయు మేలని నేను చెప్పను. కుంకుడురసము కంట బడిన మంట పుట్టించును. చెఱువులో కలిసిన చేపలను చంపును. నిలువచేసిన రసము శీఘ్రముగా పులిసిపోవును. కొట్టులో కొన్న పొడిలో నేమి కలిసినదో తెలియకున్న, దాని స్థితియు పొట్లపు స్థితియే. క్రొత్తదంతయు విషమనియు చెప్పను. షాంపూను కొలదిగా వాడి, తలను బాగుగా కడిగికొనినవారిలో చాలమందికి హాని లేదు. దురద గాని దద్దురు గాని కలిగినవాడు దానిని మాని, పట్టిక చూచి, ఆ ద్రవ్యము లేనిదానిని ఎన్నుకొనవలెను. పట్టికయే తెలియనివాని కీ యుపాయము లేదు.

కుంకుళ్లను, సీకాయలను మన యడవులలోని గిరిజనులు నేటికిని ఏఱి తెచ్చుచున్నారు. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ వారి యటవీఫలములను కొని అమ్ముచున్నది. మనము కాయను కొన్నచో కొంత ధనము ఆ చేతికి చేరును. తోటగట్టున నొక కుంకుడుమొక్క నాటినచో, అది ఫలించుటకు ఏండ్లు పట్టినను, మనుమల కాలమున కాయ నిచ్చును.

ఏది వాడవలెనో మీ యిండ్లలో మీరే నిర్ణయింపుడు. మన పూర్వులు పట్టునకు చౌడును, కంబళికి కుంకుడును అని వస్తువునకు తగిన ద్రవ్యమును విచారించి పెట్టిరి. నూనె యెంత, నీరెట్టిది, వెండ్రుక యెట్టిది అని విచారించి ద్రవ్యమును ఎన్నుకొనుట వారి పద్ధతి. ఆ పద్ధతి కాయకును చెల్లును, సీసాకును చెల్లును. వచ్చెడి భోగినాడు మనుమల తలంటునప్పుడు ఈ నాలుగు మాటలు వారికి చెప్పుడు.